చెమర్చిన గోడ

“కొట్టమంటారా, పొమ్మంటారా? ఏదో ఒకటి తేల్చండి బాబూ. సుత్తి ఎత్తిపట్టుకుని ఎంతసేపని నిలబడను? చెయ్యి లాగేస్తోంది,” అన్నాడు ప్లంబరు.

అతని ఎదురుగా స్నానాలగది తలుపు. తలుపుకి అడ్డంగా ప్లాస్టిక్ స్టూలు. స్టూలు మీద చిన్నకోడలు. చేపలు నిలవచేసే ఫ్యాక్టరీకి వేసుకెళ్ళే తెల్లకోటు ఒంటిమీదే ఉంది. డ్యూటీకి బయల్దేరబోతూ సుత్తిని చూసి ఆగిపోయింది. ఆగినదల్లా స్టూలు లాక్కుని కూర్చుంది.

“కొట్టవయ్యా. నేను చెబుతున్నాగా,” అన్నాడు ఆ ఇంటి పెద్దకొడుకు.

“ముందు నన్ను కొట్టమనండి బావగారూ. గచ్చు సంగతి తర్వాత.”

“చూడమ్మాయ్, నీ మీద నాకేం కక్ష లేదు. నీ స్నానాలగది సరిగ్గా కిందగదిలో నా పనిబల్ల నెత్తిమీద ఉంది. అక్కడ గోడ తడిసి ముద్దవుతోంది. పైనుంచి కారకుండా కింద తడెలా వస్తుంది? ఇందులో చదువుకోవాల్సిందేముంది?”

“గొట్టాలన్నీ చూశాడు కదా ఈయన. ఎక్కడా చుక్క కారట్లేదన్నాడు కదా.”

“గొట్టాలు బంగారం లాగున్నాయమ్మా,” అన్నాడు ప్లంబరు నిజాయితీగా. అంతలోనే పెద్దకొడుకు మొహం చూసి, “గచ్చు కింద ఏముందో మాత్రం పగలగొడితేగానీ తెలీదు,” అని సర్దుకున్నాడు.

మెట్ల మలుపులో నిలబడి ఇదంతా చూస్తోంది పెద్దకోడలు. ఒకవైపు భర్త, ఇంకోవైపు తోటికోడలు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. కిందగదిలో భర్త నడిపే వయొలిన్ల రిపేరు కొట్లో మొన్న సంగీతం టీచరు తన వయొలిన్ పెట్టె తెరిచి గావుకేక పెట్టిన దగ్గర్నుంచీ ఆమె పరిస్థితి ఇదే. పెట్టెలోని ముఖమల్ గుడ్డ మీద పచ్చగా బూజు. వయొలిన్ పొట్ట అతుకు విడిపోయి నోరు తెరుచుకుంది. బాగుచేయమని ఇచ్చిన వాయిద్యం ఇచ్చినప్పటికన్నా అధ్వానంగా తయారైతే ఏ పనివాడి పరువు మిగులుతుంది?

“పగలగొట్టనీవే,” అన్న మాట వెనకనుంచి వినిపించింది.

చిన్నకొడుకు. స్కూలు బస్సు నడిపే మనిషి. అందరి పిల్లల అల్లరీ భరించి భరించి గొంతు పెంచడమే మరిచిపోయినవాడు. ఇప్పుడూ పెంచలేదు.

“పగలగొట్టుకోనీ. వాళ్ళ ఇల్లు, వాళ్ళ గచ్చు. ఎలాగూ మనం వచ్చే వారం ఇక్కడ ఉండం.”

ప్లంబరు సుత్తి దించేశాడు.

“ఏంట్రా అన్నావు?” అన్నాడు అన్నయ్య.

“బస్సుల షెడ్డు పక్కన ఒక వాటా ఖాళీగా ఉంది. చూసొచ్చాను. రేపు పొద్దున్న ఇంటాయన ఫోన్ చేస్తానన్నాడు. మాట ఇచ్చేస్తాను.” ఊపిరి పీల్చుకున్నాడు. “నీ గోడ ఆరుతుంది అన్నయ్యా. నా పెళ్ళాం ఈ మాటలు పడక్కర్లేకుండా పోతుంది.”

స్నానాలగదిలో ఎక్కడో బక్కెట్టులోకి ఒక నీటిబొట్టు పడింది. మామూలప్పుడైతే అది ఎవరికీ వినిపించేది కాదు.

పై మెట్టు మీద చెప్పుల చప్పుడు. అత్తగారు. ఎప్పుడొచ్చి నిలబడిందో, ఎంత విన్నదో. అందరూ తలలెత్తారు. ఆవిడ రెయిలింగు మీద చెయ్యి వేసి మెల్లగా వెనక్కి తిరిగింది. చెప్పుల చప్పుడు ఒక్కో మెట్టే పైకి వెళ్ళిపోయింది.

“నేను రేపొస్తా,” అన్నాడు ప్లంబరు. “సుత్తి ఇక్కడే పెట్టి పోతున్నా, బరువు. అంతవరకూ దాంతో మీలో మీరు కొట్టుకోకండి, మీకు పుణ్యముంటుంది.”

* * *

పై వంటింట్లో పెద్దకోడలు టీ కాచింది. చిన్నకోడలు బల్ల దగ్గర కూర్చుంది గానీ గ్లాసు ముట్టుకోలేదు. కోటు జేబులో చేతులు పెట్టుకుని కిటికీ వంక చూస్తోంది.

“నిజంగా వెళ్ళిపోతారా?” అంది పెద్దకోడలు.

“ఆయన ఒకసారి అన్నారంటే అన్నట్టే కదక్కా. నీకు తెలీందేముంది.”

“నీకు ఇష్టమేనా?”

లేచి ఫ్రిజ్ తెరిచింది చిన్నకోడలు. గాజు సీసా ఒకటి తీసి తెచ్చి బల్ల మధ్యలో పెట్టింది. తాగుతుందేమో అనుకుంది పెద్దకోడలు. తాగలేదు. రెండు చేతులూ కట్టుకుని సీసా వంకే చూస్తూ కూర్చుంది.

కాసేపటికి సీసా మసకబారింది. ఆ మసక చుక్కలయింది. చుక్కలు ఒకదాన్నొకటి కలుపుకుని బల్ల మీదికి జారాయి.

“అక్కా, ఈ సీసా కారుతోందా?”

“కారడమేంటి? బిరడా బిగించే ఉందిగా.”

“మరి ఈ నీళ్ళెక్కడివి?”

పెద్దకోడలు నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగింది. వేలితో బల్ల మీది తడి తుడిచి, ఆ వేలినే చూసుకుంది.

“మా చల్లగదుల దగ్గర మొదటి రోజే నేర్పుతారు,” అంది చిన్నకోడలు. “తలుపు తీస్తే వెంటనే మూసెయ్యాలి. బయటి గాలి లోపలికి పోయిందా, గోడలు ఏడుస్తాయి. అలాగే అంటారు మా వాళ్ళు, గోడ ఏడుస్తోంది తలుపెయ్యండి అని. ఈ సముద్రం గాలి ఉందే, అది గాలి కాదక్కా, పిండని గుడ్డ. దాన్ని తెచ్చి చల్లటి గోడకి రాస్తే ఏమవుతుంది?”

“కిందగది గోడలు చల్లగానే ఉంటాయి. భూమిలో ఉన్నాయి కదా.”

“ఆఁ.”

“అయితే ఆ గాలిని లోపలికి తెచ్చి రాస్తున్నదెవరు?”

ఆ ప్రశ్న అడిగాకే దానికి జవాబు తనకి తెలుసని పెద్దకోడలికి తట్టింది. ఇద్దరూ ఒక్కసారే గుమ్మం వైపు చూశారు. గుమ్మం అవతల గదిలో అత్తగారు ప్రార్థన చేసుకుంటోంది. పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు.

కిందగది పైభాగంలో, కప్పుకి దగ్గరగా, వీధి మట్టానికి రెండు చిన్న కిటికీలున్నాయి. వీధిలో పోయేవాళ్ళ చెప్పులు మాత్రమే కనిపించే కిటికీలు. మామగారు పోయేముందు అత్తగారి చెయ్యి పట్టుకుని, “కిందగదికి గాలి తగలనీ. మూసిపెట్టకు,” అన్నారు. అంతే. ఆనాటినుంచీ ఆవిడ రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుని, కొక్కెం కర్ర పట్టుకుని కిందికి దిగుతుంది. జ్వరం వచ్చినా దిగుతుంది. రెండు కిటికీలూ తెరిచి, చల్లగా చూడు స్వామీ అనుకుని వస్తుంది. పొద్దుగూకాక వెళ్ళి మూస్తుంది. ఆవిడకి అది పని కాదు. పోయిన మనిషితో రోజూ పొద్దున్నే రెండు మాటలు మాట్లాడి రావడం.

“నీకెప్పుడు తెలిసింది?” గొంతు తగ్గించింది పెద్దకోడలు.

“చాన్నాళ్ళయింది.”

“మరి నోట్లో ఏం పెట్టుకున్నావే? అన్ని మాటలు పడ్డావు కదా!”

“ఏమని చెప్పనక్కా? స్నానాలగది తడి చాలక ముసలావిడ మీదికి తోస్తోంది అనరూ? బావగారు సరే. అత్తయ్య?” సీసా మీద చుక్కల్ని అరచేత్తో ఒక్క తుడుపు తుడిచింది. “మామయ్య చెప్పిన పని అది. ఆ పని తప్పని ఏ నోటితో అనను? నాకు చేతకాలేదు. ఇల్లు మారడమే తేలికనిపించింది.”

పెద్దకోడలికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. నిజం చెప్పడం పుణ్యమంటారు. సరే. దాన్ని మోసుకెళ్ళి ఒక ముసలి గుండె మీద దించడం కూడా పుణ్యమేనా? ఈ సంగతి దేవుణ్ణి అడగాలనిపించింది. ఆయన జవాబు చెప్పేలోగా రేపు పొద్దున్న ఫోన్ మోగుతుంది.

“నువ్వు చెప్పింది నిజమని రుజువేంటి?” అంది చివరికి.

“టిఫిన్ డబ్బా కట్టే వెండికాగితం ఉందిగా? అరచేతిలో పట్టేంత ముక్క చింపు. సరిగ్గా మా స్నానాలగది కింద, గోడని బాగా ఆరబెట్టి, నాలుగు వైపులా టేపు వేసి అంటించు. తెల్లారేదాకా వదిలెయ్. కాగితం వెనక తడుంటే ఆ నీళ్ళు గోడలోంచి వస్తున్నట్టు. ముందు తడుంటే గాల్లోంచి.”

“వెనక తడుంటే?”

“సుత్తి అక్కడే ఉందిగా. గచ్చు నేనే పగలగొడతా,” అని అప్పుడు టీ గ్లాసు అందుకుంది. చల్లారిపోయిన టీని గటగటా తాగేసి లేచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. “నువ్వే అంటించక్కా. నేను అంటిస్తే వెనక ఎండబెట్టి అంటించిందంటారు.”

* * *

ఆ రాత్రి కిందగదిలోకి దిగుతుంటేనే బూజు వాసన ఎదురొచ్చింది. పాత గోనెసంచీ, పుట్టగొడుగు కలిపి నానబెట్టినట్టుండే వాసన.

పెద్దకోడలి భర్త బల్ల ముందు వంగి కూర్చున్నాడు. టీచరు వయొలిన్ తీగలన్నీ విప్పేసి పక్కన పెట్టాడు. విడిపోయిన అతుకులోకి పలచటి చాకు దూర్చి, పాత జిగురు గీకుతున్నాడు. తీగలు తిప్పే చెక్క బిరడాలు చెమ్మకి ఉబ్బి, ఉన్నచోటునుంచి కదలమని మొరాయించాయట. ఆ విసుగంతా భుజాల్లో కనిపిస్తోంది.

ఆమె జుట్టు ఆరబెట్టుకునే మిషను తీసి గోడ వైపు పెట్టి ఆన్ చేసింది.

“గోడకి తలంటు పోశావా?” అన్నాడు తల తిప్పకుండానే.

“మీ పని మీరు చూసుకోండి.”

గోడ మీద నల్లటి మచ్చలు, వాటి అంచుల్లో బూడిదరంగు నూగు. ఏటా పూసే ఆయిల్ పెయింటు బొబ్బలెక్కి, గోరు తగిలితే పెంకులా ఊడొస్తోంది. ఆమె ఒక అరచెయ్యంత మేర పెయింటు గీకి, సబ్బునీళ్ళతో కడిగి, పొడిగుడ్డతో తుడిచి, మిషనుతో ఆరబెట్టింది. అప్పుడు వెండికాగితం అంటించి, వార్నిష్ పూసేటప్పుడు ఆయన వాడే టేపుతో నాలుగు వైపులా మూసింది.

ఇప్పుడు తల తిప్పాడు. “ఇదేం పూజ?”

“రేపటిదాకా దీన్ని ముట్టుకోవద్దు.”

“ఎవరు చెప్పారు?”

ఆమె టేపు అంచుని బొటనవేలితో ఇంకోసారి నొక్కింది.

“ఓహో. వాళ్ళ ఫ్యాక్టరీ తెలివితేటలు నీకూ అంటుకున్నాయన్నమాట. చేపల్ని దాచే చోట నేర్చుకున్నది వయొలిన్లకి పనికొస్తుందా?”

“తడి తడేనండీ. చేపకైనా వయొలిన్‌కైనా.”

చాకు ఆగింది. ఏదో గట్టి మాట వస్తుందనుకుందామె. కానీ ఆయన చూపు తన భుజం మీదుగా వెనక గోడ వైపు పోతోందని గమనించి అటు తిరిగింది. మేకుకి ఒక బుల్లి వయొలిన్ వేలాడుతోంది. తీగలు లేవు. చిన్నకొడుకు పసివాడుగా ఉన్నప్పుడు మామగారు వాడి కోసం చేసింది. వాడు దాన్ని వాయించింది తక్కువ, బండి చేసి లాగింది ఎక్కువ. గదిలో ప్రతి వస్తువు మీదా పల్చటి నూగు ఉంది. దాని మీద మాత్రం లేదు.

“అది ఎవరు తుడుస్తున్నారు?” అంది.

“ఎవరో ఒకరు,” అన్నాడు మళ్ళీ జిగురు గీకుతూ. చాకు తుడుచుకుని, “వాడు వెళ్ళేటప్పుడు పట్టుకెళ్తాడేమో అడుగు. ఇక్కడుంటే పాడైపోతుంది,” అన్నాడు.

“మీరే అడగొచ్చుగా.”

“నాతో మాట్లాడితేగా.”

“మీరు మాట్లాడారా?”

చాకు గీకుతున్న చప్పుడే మిగిలింది. ఆమె మెట్లెక్కుతుంటే వెనకనుంచి వినిపించింది: “పొద్దున్న అలా అంటాడని నేననుకోలేదే.”

* * *

తెల్లారింది. పెద్దకోడలు ముందే కిందికి దిగి, ఎక్కడో ఏదో వెతుకుతున్నట్టు బల్ల దగ్గర నిలబడింది. కాగితం మీద లైటు పడి తళతళా మెరుస్తోంది. దాని ముందువైపు పొడిగానే ఉంది. వేలు పెట్టి చూడాలనిపించింది. పెట్టలేదు.

కొక్కెం కర్ర మెట్లకి తగులుతున్న చప్పుడు. అత్తగారు దిగింది.

“నువ్వేంటే ఇంత పొద్దున్నే?”

“సూది... సూది పడిపోయిందత్తయ్యా.”

“వయొలిన్ల కొట్లో సూదేంటి?” అని, ఇక అడగకుండా కర్ర ఎత్తి మొదటి కిటికీ గడియకి తగిలించి లాగింది. తర్వాత రెండోది. వీధి చప్పుళ్ళతో పాటు గాలి లోపలికి దిగింది. ఉప్పు వాసన, చేపల వాసన, ఎక్కడో తడి తాళ్ళ వాసన. అత్తగారు కళ్ళు మూసుకుంది. పెదాలు కదిలాయి.

పెద్దకోడలు కూడా కళ్ళు మూసుకుంది. ‘స్వామీ, చెప్పే పని నాకు పెట్టకు. నీకు చేతనైతే నువ్వే చెప్పుకో,’ అనుకుంది. ఇలా అడగడం పిరికితనమో, భక్తో ఆమెకి తెలియలేదు.

కళ్ళు తెరిచేసరికి అత్తగారు గోడ దగ్గర ఉంది.

“ఇదేంటి ఇక్కడ అద్దం పెట్టారు?”

“అద్దం కాదత్తయ్యా, డబ్బా కట్టే కాగితం.”

మెరుపు పోయింది. దాని మీద ఎవరో ఊదినట్టు మసక కమ్మింది. అత్తగారు చేతిలోని తుండుగుడ్డతో తుడిచింది. మెరిసింది. చూస్తుండగానే మళ్ళీ మసకేసింది. మళ్ళీ తుడిచింది. ఈసారి తుడిచిన చెయ్యి అక్కడే ఆగింది. ఆవిడ మెల్లగా తల ఎత్తి కిటికీ వైపు చూసింది. అక్కణ్ణుంచి కాగితం వైపు. మళ్ళీ కిటికీ వైపు.

చదువు ఎక్కువ లేని మనిషే. కానీ జీవితమంతా ఇల్లు తుడిచిన మనిషి. తడి ఎటునుంచి వస్తోందో ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు.

టేపు ఒక అంచు గోటితో పైకి లేపింది. వేలు లోపలికి దూర్చి గోడని తడిమింది. వేలు బయటికి తీసి బొటనవేలితో రాసి చూసుకుంది.

“పొడిగా ఉంది,” అంది.

పెద్దకోడలు లేచిన టేపు అంచుని మళ్ళీ అంటించబోయింది.

“ఎప్పట్నుంచి తెలుసు నీకు?”

“నిన్ననే అత్తయ్యా.”

“చిన్నమ్మాయికి?”

పెద్దకోడలు చూపు నేల మీదికి దించింది.

“దానికి ముందే తెలుసు. అవునా? తెలిసీ నోరు విప్పలేదు. పెద్దాడి మాటలన్నీ నెత్తిన పోయించుకుంది గానీ నా పేరెత్తలేదు.” అత్తగారు బల్ల పక్కనున్న పీట మీద కూలబడింది. “అయితే ఇన్నాళ్ళూ నేను రోజూ పొద్దున్నే దేవుడి పేరు తలుచుకుని, బూజుకి తలుపు తీసి లోపలికి రమ్మని పిలుస్తున్నానన్నమాట.”

“అత్తయ్యా, అలా అనకండి.”

“ఆయన చెప్పినట్టే చేశాను కదే! ఒక్క రోజు మానలేదు కదే! ఆయన మాట తప్పెలా అవుతుంది?”

పెద్దకోడలు వెళ్ళి ఆవిడ పక్కన కింద కూర్చుంది. వీధిలో ఎవరి చెప్పులో టపటపా పోయాయి. అత్తగారి చూపు గదంతా తిరిగి, అవతలి మూల దగ్గర ఆగిపోయింది. అక్కడ కప్పుకి పొగచూరిన నల్లటి వలయం. కింద ఏమీ లేదు. ఉత్త నేల.

ఆవిడ చాలాసేపు ఆ వలయాన్నే చూసింది. తర్వాత ఒక్క ఉదుటున లేచింది.

“ఒరేయ్ పెద్దాడా! చిన్నాడా! అందరూ కిందికి రండర్రా!”

* * *

ప్లంబరు కూడా వచ్చాడు. సుత్తి కోసం వచ్చానన్నాడు గానీ, తమాషా చూడ్డానికి మెట్ల మీదే సర్దుకుని నిలబడ్డాడు.

అత్తగారు కాగితం చూపించింది. ముందు తుడవమంది, వెనక తడిమి చూడమంది. పెద్దకొడుకు తడిమాడు. చిన్నకొడుకుని రమ్మంది. అతను దూరంనుంచే చూసి చేతులు కట్టుకున్నాడు. చిన్నకోడలు తల వంచుకుంది.

“తడి స్నానాలగదిది కాదు. నేను తెరిచే కిటికీలది,” అంది అత్తగారు. “ఇప్పుడు ఒక మాట అడుగుతా చెప్పరా పెద్దాడా. ఆ మూల ఏముండేది?”

పెద్దకొడుకు కప్పు మీది నల్ల వలయం వైపు చూశాడు. ఏదో అర్థమైనట్టు మొహం మారింది.

“నాన్న కుంపటి,” అన్నాడు.

“పొద్దున్న వెలిగిస్తే రాత్రిదాకా మండేది. జిగురు కాగాలని ఆయన దాన్ని ఆరనిచ్చేవారు కాదు. ఈ గోడలకి చెయ్యి ఆనిస్తే వెచ్చగా ఉండేవి. చిన్నాడు ఈ గోడకే వీపు ఆనించి నిద్రపోయేవాడు. ఆ వేడికీ, పొగకీ కిటికీ తెరిచితీరాలి. అందుకన్నారు గాలి తగలనీ అని. ఆ కుంపటేదిరా?”

“పొగకి నాకు ఊపిరాడేది కాదమ్మా. నేనే తీయించేశాను. జిగురు కాచుకునేంతసేపు వెలిగించే చిన్న కరెంటు పొయ్యి పెట్టుకున్నాను.” పెద్దకొడుకు మాటలు నెమ్మదించాయి. “గోడలు చల్లబడ్డాయి. నువ్వేమో కిటికీలు... నేనేమో చెమ్మ బయటికి రాకుండా ఏటా దాని మీద పెయింటు...”

“తిలాపాపం తలా పిడికెడు,” అన్నాడు మెట్ల మీదినుంచి ప్లంబరు. అందరూ ఒక్కసారి అతని వైపు చూశారు. “నాకేం తెలీదు బాబూ,” అన్నాడు.

అత్తగారికి ఎక్కడినుంచి వచ్చిందో నవ్వొచ్చింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఆయన గాలి తగలనీ అన్నారు గానీ, ఏ గాలో చెప్పలేదు కదర్రా. మనిషన్నాక అన్నీ చెప్పి పోతాడా? మిగిలింది మనమే చూసుకోవాలి కాబోలు.”

పెద్దకొడుకు బల్ల దగ్గరికి వచ్చాడు. మరదలి వైపు చూడలేక బల్ల మీది వయొలిన్‌కే చెబుతున్నట్టు, “అమ్మాయ్,” అన్నాడు.

“చెప్పండి బావగారూ.”

“మీ ఫ్యాక్టరీలో... గోడలు ఏడవకుండా ఏం చేస్తారు?”

క్షమించమనే మాట ఆయన నోటికి అలవాటు లేదు. అది ఆ మాటే అని గదిలో అందరికీ తెలిసింది. చిన్నకోడలికి ఇంకా బాగా తెలిసింది. మొదలుపెట్టాక ఆగలేదు.

“ముందు ఆ పెయింటంతా గీకేయాలి బావగారూ, గోడ ఊపిరి పీల్చుకోవాలి. బూజుని పొడిగా దులపకూడదు, గాల్లో లేచి అన్నిటి మీదా పడుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డలు పారేయాలి. ముఖమల్ పెట్టెలు ఎండలో పెట్టాలి. ఆ మూల చిన్న హీటరు ఒకటి. మా దగ్గర తేమ పీల్చే మిషను పాతది ఒకటి మూల పడుంది, అడిగితే ఇస్తారు. కిటికీలు ఎప్పటికీ మూసేయక్కర్లేదు. సముద్రం మీదినుంచి కాకుండా నేల వైపునుంచి పొడిగాలి కొట్టే రోజున తెరుచుకోవచ్చు.”

“ఎన్నాళ్ళకి ఆరుతుంది?”

“తొందరపడదు. గోడ కదా. కానీ ఆరుతుంది.”

“గోడ ఆరుతుంది సరే,” అన్నాడు చిన్నకొడుకు. అంతసేపూ మాట్లాడని మనిషి. “అన్న మాటలు ఆరుతాయా?”

హాయిగా వదులైన గది మళ్ళీ బిగుసుకుంది.

పెద్దకొడుకు తమ్ముడి వైపు చూశాడు. వెళ్ళి మేకు మీది బుల్లి వయొలిన్ తీసి తెచ్చి, తమ్ముడి చేతికివ్వాలా వద్దా తెలియనట్టు దాన్ని రెండు చేతుల మధ్యా పట్టుకుని నిలబడ్డాడు. చిన్నకొడుకు దాని వంక చూశాడు. ఒక్క మచ్చ లేదు. వేలితో చెక్క మీద రాసి, ఆ వేలిని చూసుకున్నాడు.

“కిటికీ మూయగానే గోడ ఆరిపోతుందా నాన్నా?” అంది అత్తగారు. “రోజూ కాస్త వెచ్చబెట్టుకోవాలి.”

ఆవిడ కొక్కెం కర్ర ఎత్తి మొదటి కిటికీ మూసింది. రెండోది కూడా లాగి, చిన్నకోడలి దాకా వచ్చి కర్ర ఆమె చేతిలో పెట్టింది. అంత తేలిగ్గా పెట్టలేదు. పెట్టాక కూడా వేళ్ళు కర్రని వదలడానికి కాసేపు పట్టింది.

“ఇకనుంచి ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో నువ్వు చెప్పు. నువ్వు తెరిచిన రోజున నేను వచ్చి దణ్ణం పెట్టుకుంటా. ఆయనకి నేను సర్దిచెప్పుకుంటాలే.”

చిన్నకోడలు కర్ర వైపు, భర్త వైపు చూసింది.

అప్పుడే చిన్నకొడుకు జేబులో ఫోన్ మోగింది.

తీసి చూశాడు. ఎవరిదో ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు. పెద్దకోడలు భర్త చేతిలోని బుల్లి వయొలిన్ వైపే చూస్తోంది. ఫోన్ మోగుతూనే ఉంది.

“ఏమండీ,” అంది చిన్నకోడలు. తల ఎత్తి రెండో కిటికీ కేసి చూస్తోంది. “ఆ గడియ సరిగ్గా పడలేదు. కర్రతో కుదిరేట్టు లేదు. మన స్నానాలగది దగ్గర స్టూలుంది, కాస్త తెచ్చిపెడతారా?”

చిన్నకొడుకు పెళ్ళాం మొహంలోకి చూశాడు. ఆమె కిటికీ మీదినుంచి చూపు తిప్పలేదు. అతను మోగుతున్న ఫోన్ చేత్తో పట్టుకునే మెట్లెక్కాడు. ప్లంబరు గోడకి అతుక్కుని దారిచ్చాడు.

ఆ మోత మెట్టు మెట్టుకీ దూరమవుతూ పైకి పోయింది. పై గుమ్మం దాటాక ఠక్కున ఆగింది.

ఎత్తాడో, కట్టేశాడో కిందున్నవాళ్ళకి తెలియలేదు. మాటలు వినిపిస్తాయేమోనని అందరూ చెవులొగ్గారు. వినిపించలేదు. అత్తగారి పెదాలు మాత్రం కదులుతున్నాయి.

కాసేపటికి పైన గచ్చు మీద ప్లాస్టిక్ స్టూలు ఈడ్చిన చప్పుడైంది. తర్వాత, మెట్ల మీద అడుగులు.